కృత్రిమ శిల: రాతిని పోతపోయు విద్య

రాతితో పనిలేని గృహము మనదేశమున లేదు. సన్నికల్లు, రుబ్బురోలు, తిరుగలి మన తల్లుల కాలమున ప్రతిదినమును చేతికి వచ్చెడి వస్తువులు. నేడు అనేక గృహములలో వాని స్థానమున విద్యుద్యంత్రములు వచ్చినను, వంటగట్టును, మెట్లును, నేలయును రాతివిగనే యున్నవి. రాయి యనగా కొండనుండి తొలిచి తెచ్చి ఉలితో చెక్కినదే యని మన తలంపు. కాని పిండివలె కలిపి, అచ్చులో నింపి, కావలసిన రూపమున తీయబడిన రాయియు కలదు. దానినే కృత్రిమశిల యందురు. మన సోదరీమణులలో పలువురు ప్రతిదినము దానిపైననే కూరలు తరుగుచున్నారు. అది యెట్లు తయారగునో, దానియందలి మేలెంతయో కీడెంతయో తెలిసికొనుట గృహిణికి ఉపయోగకరమని తలచి ఈ విషయములను వ్రాయుచున్నాము.

కృత్రిమశిల మనకు క్రొత్తది కాదు. పూర్వపు మేడలలోని గచ్చు ఒకవిధమైన కృత్రిమశిలయే. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. మిగిలిన సున్నమును నీటితో విరియజేసి, ఇసుకయు ఇటుకపొడియు చేర్చి గానుగలో నూరుదురు. బెల్లపునీరును, కరక్కాయ నీరును కలుపుటయు వాడుకలో నుండెను. ఆ సున్నమును నేలపై పరచి బాదిన తరువాత, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల మెల్లగ గ్రహించి, తిరిగి రాయిగా మారును. అనగా రాయిని విప్పి, కావలసినచోట మరల కట్టుట యన్నమాట. కృత్రిమశిలా విద్యకంతటికిని మూలసూత్ర మిదియే: చెక్కుటకు కఠినమైన దానిని మెత్తని పదార్థముగా జేసి, రూపమిచ్చి, పిదప గట్టిపరచుట.

ఒక స్త్రీ నడపిన శిలాగారము

ఈ విద్య చరిత్రలో మిక్కిలి పేరుపొందిన కర్మాగారమును నడపినది ఒక స్త్రీ. ఆమె పేరు ఎలినార్ కోడ్. ఈమె 1733లో ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమున జన్మించెను. తండ్రి ఉన్నివర్తకుడు, వ్యాపారము చెడి దివాలా తీసెను. ఆమె లండనులో నారబట్టల వర్తకము చేసి, 1769లో లాంబెత్ అను ప్రాంతమున డానియల్ పింకాట్ అనువాని కృత్రిమశిలా వ్యాపారమును కొనెను. పింకాట్ అక్కడనే పనిచేయుచు, తానే యజమానియైనట్లు నలుగురితో చెప్పుకొనుచుండెను. ఆమె రెండు సంవత్సరములు చూచి, 1771లో వానిని పనినుండి తొలగించి, జాన్ బేకన్ అను ప్రసిద్ధ శిల్పిని పర్యవేక్షకునిగ నియమించెను. ఆ దేశమున ఆ కాలమున వివాహితయైన స్త్రీకి తన పేర ఆస్తి యుండుట కష్టము. ఆమె వివాహమాడలేదు, వ్యాపారస్త్రీకి చెల్లెడి గౌరవమునుబట్టి ఆమెను ‘మిసెస్ కోడ్’ అనియే పిలిచెడివారు.

ఆమె తన రాతికి ‘లిథోడిపైరా’ అని గ్రీకుపేరు పెట్టెను. ‘రెండుమారులు కాలిన రాయి’ అని దాని భావము. విండ్సరు కోటలోని సెంట్ జార్జి ప్రార్థనామందిరమునందును, బకింగ్‌హాం రాజభవనమునందును ఈ రాతిపని కలదు. లండనులో వెస్ట్‌మినిస్టరు వంతెనకొనయందు నిలిచియున్న పెద్దసింహము ఈ రాతితోనే 1837లో చేయబడినది. లండను పొగమంచులోను, మసిలోను తరములు గడచినను దాని జూలులోని రేఖలు చెదరలేదు. అదేకాలమున సహజమైన సున్నపురాతితో చెక్కిన బొమ్మలు అనేకము ముక్కు చెవులు కోల్పోయినవి.

ఎలినార్ కోడ్ 1821లో మరణించెను. ఆమె తన వీలునామాలో కొందరు స్త్రీలకు ధనము నిచ్చి, వారిలో వివాహితలున్నచో ఆ ధనముపై భర్తలకు అధికార ముండరాదని నియమము వ్రాసెను. ఏబదిసంవత్సరములు తన లెక్కలు తాను చూచుకొనిన స్త్రీకి ఆ యొక్క వాక్యము విలువ బాగుగ తెలిసియుండును.

మట్టి రాయియైన విధము

కోడ్ రాతి రహస్యము కర్మాగారముతో బాటు నశించినదని చాలకాలము చెప్పుకొనిరి. తరువాతి రసాయనపరీక్షలవలన అది యేమో తెలిసినది. అందు నూటికి 60 మొదలు 70 పాళ్లవరకు తెల్లని మేలిబంకమన్ను. మిగిలినది ఒకసారి కాల్చిన మట్టిపెంకుల పొడి, చెకుముకి రాతిపొడి, సన్నని ఇసుక, గాజుపొడి. ఇందులో ప్రతిదానికిని ఒక పని కలదు. పచ్చిమట్టి ఆరునప్పుడును కాలునప్పుడును కుంచించుకొని పగులును. ఇదివరకే కాలిన పెంకుపొడి ఇక కుంచించుకొనదు గనుక, అది పగులును తగ్గించును. ‘రెండుమారులు కాలిన’ అను పేరు దీనివలననే వచ్చినది. గాజుపొడి వేడికి కరగి, తక్కిన రేణువుల నడుమ ప్రవేశించి, వానిని ఒకటిగ అతికించును. అందువలన నీరు లోనికి చొరక, వానకును మంచుకును ఆ రాయి చెడకుండును.

అచ్చు తీయు విధము శ్రద్ధగ గ్రహింపదగినది. మొదట శిల్పి మట్టితో బొమ్మను చేయును. కాలిన తరువాత అది నూటికి ఎనిమిది పాళ్లు తగ్గును గావున, కావలసినదానికంటె పెద్దదిగ చేయవలయును. దానిపై ప్లాస్టరు పోసి అచ్చు తీయుదురు. అచ్చు ఒకే ముక్కగ నున్నచో బొమ్మ మడతలలో చిక్కుకొని ఊడిరాదు. కావున అనేక ముక్కలుగ తీసి, ముక్కలను చేర్చి కట్టుదురు. రొట్టెవలె పరచిన మట్టిని ఈ అచ్చు లోపలివైపున వ్రేళ్లతో నొక్కుచు అంటింతురు. బొమ్మను గట్టిముద్దగ చేయరు. లోపల బోలుగ నుంచి, అడ్డుగోడలతో బలపరతురు. ముద్దయైనచో పైభాగము కాలి లోపల పచ్చిగ నుండి పగులునని మన కుమ్మరులకు చక్కగ తెలియును. అచ్చు విప్పిన తరువాత, వ్రేళ్ల సందులు, ఆకుల అంచులు మొదలగునవి చేతితో దిద్ది, కొన్నాళ్లు నీడన ఆరబెట్టి, ఆవములో నాలుగు అహోరాత్రములు కాల్చెదరు. వేడి 1,100 డిగ్రీలు మించవలయును. ఆ వేడిని నాలుగు దినములు సమముగ నిలుపుటయే ఈ విద్యయందు అన్నిటికంటె కష్టము.

ఒకమారు తీసిన అచ్చునుండి అనేక ప్రతులు తీయవచ్చును. శిల్పి ఒక్కరాతిపై నెలల తరబడి చెక్కినదానిని సామాన్యగృహస్థుడు కొనలేడు. అచ్చుపోతవలన స్తంభపు తలలును, ద్వారపు బొమ్మలును మధ్యతరగతివారికిని అందుబాటులోనికి వచ్చినవి.

సిమెంటు రాయి

1824లో ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు సున్నపురాతిని, మట్టిని కలిపి కాల్చిన ఒక పొడికి హక్కుపత్రము పొందెను. అది గట్టిపడినప్పుడు పోర్ట్‌లండు అను ద్వీపపు రాతిని పోలియుండునని దానికి పోర్ట్‌లండు సిమెంటని పేరు పెట్టెను. తరువాతివారు దానిని ఎక్కువవేడిలో కాల్చి మరింత బలముగలదిగ జేసిరి. దీనితో ఆవము లేకయే రాయి చేయుట సాధ్యమయ్యెను. నేడు కృత్రిమశిల యన్నచో ఎక్కువభాగము ఇదియే.

సిమెంటు ఆరుటవలన గట్టిపడునని పలువురు తలంతురు. అది పొరపాటు. సిమెంటు నీటితో రసాయనముగ చేరి, సూక్ష్మమైన స్ఫటికములుగ అల్లుకొని గట్టిపడును. కావుననే పోసిన తరువాత దానిని తడుపుచుండవలయును. ముందుగ ఎండినచో ఆ చేరిక సగములో నిలిచిపోయి, రాయి పొడిరాలును. కాని కలుపునప్పుడు నీరు ఎక్కువయైనను కీడే. సిమెంటు తీసికొనగ మిగిలిన నీరు తరువాత ఆవిరియై, దాని స్థానమున సన్ననిరంధ్రములు మిగులును. ఆ రంధ్రములు బలమును హరించును. కలుపునప్పుడు నీరు తక్కువగను, పోసిన తరువాత తడి ఎక్కువగను ఉండవలయునని జ్ఞాపకముంచుకొనిన చాలును.

కర్మాగారములలో ఈ పోత రెండువిధములు. ఒకటి తడిపోత, జారుగ కలిపి అచ్చులో పోసి, యంత్రముతో అదురజేసి గాలిబుడగలను వెడలగొట్టుదురు. రెండవది పొడిపోత, పిడికిట పట్టిన ముద్దగ నిలుచునంత తడిమాత్రము చేర్చి, అచ్చులో పొరలుపొరలుగ దిమ్మిసతో కుట్టుదురు. ఖర్చు తగ్గించుటకు, కనబడు ముఖమునకు మాత్రము తెల్లసిమెంటును మేలైన రాతిపొడియు కలిపి ఒకపొర వేసి, వెనుక సాధారణమైన మిశ్రమము నింపుదురు. అచ్చు విప్పిన పిమ్మట ముఖమును పలుచని ఆమ్లముతో కడిగినచో, పైసిమెంటు పొర పోయి లోపలి రాతిరేణువులు మెరయును. చూచువారికి అది చెక్కినరాయియో పోసినరాయియో తెలియుట కష్టము.

మన ప్రాంతములలో ఇరువదవ శతాబ్దపు నడిమి దశాబ్దములందు కట్టిన అనేక గృహములలో గల మొజాయిక్ నేల ఈ జాతిలోనిదే. రంగుకలిపిన సిమెంటులో చలువరాతి ముక్కలు చేర్చి పరచి, గట్టిపడిన తరువాత సానరాతితో, నీరు పోయుచు, ముక్కల కడుపులు కనబడువఱకు అరుగదీయుదురు. అప్పుడు దానిపై చుక్కలచుక్కల అందము వచ్చును.

ఇంటనే చేసికొనదగిన తులసికుండీ

ఈ విద్యను చేతితో తెలిసికొన గోరువారు చిన్న తులసికుండీని పోయవచ్చును. దీనికి ఒకదానిలో నొకటి పట్టు రెండు పాతబొక్కెనలు చాలును. అవి క్రిందికి సన్నగిల్లు ఆకారముగలవి కావలయును, లేనిచో ఊడిరావు. రెంటికిని నడుమ అంగుళమున్నర ఖాళీ యుండవలయును. పెద్దదాని లోపలను, చిన్నదాని వెలుపలను నూనె రాయుడు. ఒకపాలు సిమెంటునకు మూడుపాళ్లు కడిగిన ఇసుక చేర్చి, పొడిగనే బాగుగ కలిపి, పిమ్మట సిమెంటు బరువులో సగమునకు మించకుండ నీరు చేర్చుడు. సిమెంటు చర్మమును కాల్చు గుణముగలది. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనక దానిని తాకరాదు. సంచి విప్పునప్పుడు లేచెడి పొడిని పీల్చరాదు.

పెద్దబొక్కెన అడుగున రెండంగుళముల మందము వేసి, నీరుపోవు దారికై నూనె రాసిన గుండ్రని కఱ్ఱముక్కను నిలిపి, దానిపై చిన్నబొక్కెన నుంచి, కదలకుండ అందులో ఇసుక నింపుడు. నడిమి సందులో మిశ్రమమును కొంచెము కొంచెముగ నింపుచు, కఱ్ఱతో కుట్టుచు, వెలుపల తట్టుచుండుడు. ఒక పగలు ఒక రాత్రి గడచిన పిమ్మట లోపలిదానిని మెల్లగ త్రిప్పి తీసి, పెద్దదానిని బోర్లించి తట్టినచో కుండీ వెడలివచ్చును. దానిని వెంటనే ఎండలో పెట్టరాదు. తడిగోనెతో కప్పి, ఏడుదినములు నీళ్లు చిలుకుచుండవలయును. తరువాత మరియొకవారము నీటితో నింపి, ప్రతిదినము ఆ నీటిని మార్చుచున్నచో సిమెంటులోని క్షారము తగ్గును. అటుపిమ్మటనే మట్టిపోసి మొక్కను నాటవలయును. తొందరపడినచో వేళ్లకు కీడు కలుగును.

పలుగురాతి పలకలు

ఇక నేటి వంటగదులలో విరివిగ కనబడు ‘క్వార్‌ట్జు’ పలకలను గుఱించి చెప్పవలసియున్నది. 1963లో ఇటలీదేశమున మార్సెల్లో టాన్‌చెల్లీ అనునతడు బ్రెటాన్ అను సంస్థను స్థాపించెను. నేడు ప్రపంచమున అనేకచోట్ల ఈ పలకలను ఆ సంస్థ కనిపెట్టిన విధానముననే చేయుచున్నారు. మన విశాఖపట్టణ సమీపమున అచ్యుతాపురమునందును, హైదరాబాదు పరిసరములందును ఇట్టి కర్మాగారములు కలవు. అచటి పలకలు విదేశములకు ఎగుమతి యగుచున్నవి.

పలుగురాతిని నలుగగొట్టి, జల్లించి, బరువులో నూటికి తొంబదిపాళ్ల వఱకు దానినే తీసికొందురు. మిగిలినది జిగురువంటి రెసిన్ అను పదార్థమును, రంగులును. ఇచ్చట సిమెంటు లేదు, నీరు లేదు. ఆ మిశ్రమమును పెద్దపళ్లెరమువంటి అచ్చులో పరచి, గాలిని పూర్తిగ లాగివేసి, అదురజేయుచు మహాబలముతో అదుముదురు. తరువాత సుమారు 85, 90 డిగ్రీల వేడిగల గదిలో నుంచినచో రెసిన్ గట్టిపడును. చల్లారిన పలకను నీటిధారక్రింద సానపట్టి మెరుగుదిద్దుదురు.

గృహిణి తెలిసికొనవలసిన గుణదోషములు ఇవి. కడపబండయు, చలువరాయియు సున్నపురాతి జాతివి. చింతపండు పులుసు, నిమ్మరసము పడి నిలిచినచో వాని మెరుగు చెడి మచ్చపడును. పలుగురాతి పలకకు పులుపువలన కీడులేదు; రంధ్రములు లేవు గావున పసుపుమరకను వెంటనే తుడిచినచో పోవును. కాని దానిని పట్టియుంచినది రెసిన్ గావున, పొయ్యిమీది మూకుడును తిన్నగ దానిపై దింపినచో అది మాడి మచ్చపడును, లేదా పగులును. చుట్టకుదురు గాని చెక్కపలక గాని వాడవలయును. ఎండ తగులుచోట దాని రంగు మాయును. మన గ్రానైటు ఈ రెండువిషయములలోను దానికంటె ఓర్పుగలది.

దుమ్ము తెచ్చెడి వ్యాధి

ఈ పలక మన వంటింట ఉన్నంతకాలము మనకేమియు అపాయము చేయదు. అపాయమంతయు దానిని కోయునప్పుడే. తొట్టికొఱకు, కుళాయికొఱకు రంధ్రము చేయునప్పుడును, అంచులు దిద్దునప్పుడును లేచెడి దుమ్ములో స్ఫటికరూపమున నున్న సిలికా కలదు. అది చలువరాతిలో మిక్కిలి స్వల్పము. గ్రానైటులో నూటికి సుమారు ముప్పదిపాళ్లు. ఈ పలకలలో తొంబదిపాళ్ల వఱకు. కంటికి కనబడనంత సన్ననైన ఆ రేణువులు ఊపిరితిత్తుల చివరవఱకు పోవును. శరీరము వానిని జీర్ణింపజేసికొనలేదు. వానిచుట్టును మచ్చకట్టి, క్రమముగ ఊపిరితిత్తి గట్టిపడిపోవును. దీనిని సిలికోసిస్ అందురు. ఒకసారి వచ్చిన తరువాత పోగొట్టు మందు లేదు. క్షయవ్యాధి సోకు భయమును దీనివలన హెచ్చును. ఈ ధూళి క్యాన్సరును కలిగించునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లో నిర్ణయించినది.

గనులలోను, కొండలలోను పనిచేయువారికి ఈ వ్యాధి సాధారణముగ పదేండ్లకు పైబడిన పిమ్మట కనబడెడిది. కృత్రిమ పలకలను కోయువారికి అంతకంటె త్వరగ, కొన్నియేండ్లలోనే వచ్చుచున్నదని ఇజ్రాయేలు, స్పెయిను, ఆస్ట్రేలియా దేశముల వైద్యులు గుర్తించిరి. రోగులలో యౌవనవంతులును కలరు. ఆస్ట్రేలియా ప్రభుత్వములు 2023 డిసెంబరులో నిశ్చయించి, 2024 జూలై 1 మొదలు ఈ పలకల తయారీని, అమ్మకమును, బిగింపును నిషేధించినవి. ప్రపంచమున ఇట్లు చేసిన మొదటిదేశ మిదియే. సిమెంటుతో చేసిన వస్తువులకు ఈ నిషేధము లేదు. మనదేశమున సిలికోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చబడియుండెను. కాని వీధిలో నిలబడి బండలు కోయు కూలివాని చెంతకు చట్టము చేరుట అరుదు.

గృహిణి చేతిలోనున్నది

ఇల్లు కట్టుకొనునప్పుడు బండను ఎన్నుకొనుట చాలవఱకు గృహిణి మాటమీదనే జరుగును. కావున ఈ విషయమున ఆమె చేయగలిగినది చాలనున్నది. మొదటిది, బండ కొనునప్పుడే కొలతలు సరిగ నిచ్చి, నీటిధారగల యంత్రమున్న దుకాణమునందే రంధ్రములతో సహా కోయించుట. నీరు పోసి కోసినచో దుమ్ము చాలవఱకు బురదయై క్రిందికి దిగును. రెండవది, ఇంటిలో కొంచెమైనను కోయక తప్పనిచో, గదిలో గాక ఆరుబయట, నీరు పోయుచు కోయించుట. “నీళ్లు పోసిన ఇల్లంతయు బురదయగునమ్మా” అని మేస్త్రి యనును. “కానిండు నాయనా, కడుగుకొందుము” అని చెప్పవలయును. మూడవది, పనివానికి రుమాలు చాలదని తెలిసికొనుట. ముఖమునకు గట్టిగ అంటుకొను ఎన్-95 రకపు ముసుగైనను ఇప్పించవలయును. నీరుపోయుటకు మారుగ కాదు, నీటికి తోడుగ. నాలుగవది, ఆ సమయమున పిల్లలను దూరముగ నుంచి, పని ముగిసిన తరువాత చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువుట. ఊడ్చినచో దిగిన దుమ్ము మరల లేచును.

ఇవి చేయుటకు ఒకదినము ఆలస్యమగును. కొంత రొక్కము హెచ్చగును. అది బండధరలో చేరినదే యని లెక్కవేసికొనవలయును. కృత్రిమశిలయందు స్వతహాగ పాపము లేదు. మట్టి, సున్నము, సిమెంటు, పలుగురాయి అన్నియు మనుష్యుని తెలివికి లొంగి అందమైన రూపములు దాల్చినవే. వానికి రూపమిచ్చు చేతులు గల మనుష్యుడు సాయంకాలము తన యింటికి ఆరోగ్యముతో పోవునట్లు చూచుట, పని చేయించుకొను మన బాధ్యత. ఈ మాసమున ఎవరి యింటనైనను వంటగట్టు బిగించు పని యున్నచో, పైనాలుగు మాటలను ముందుగనే మేస్త్రితో చెప్పి ఒప్పందము చేసికొనవలయునని మా మనవి.